బడితోటలోకి పిల్లలను పంపే ముందు

మన చిత్తూరు ఎర్ర నేలలో తోట వేయడం కష్టం కాదు, పిల్లలను క్షేమంగా అందులో తిప్పడమే అసలు పని. పాదులు తీసే రోజు ఉదయం ఇవి చూసుకోండి.

☐ అన్నిటికన్నా ముందు పాములు. రాళ్ల కుప్పలు, ఎండుటాకులు, పాత ఇటుకల సందులు పెద్దవాళ్లు పొడవాటి కర్రతో కదిపి చూశాకే పిల్లలు రావాలి. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పి కూడా పుట్టించదు. అందుకే ‘ఏదో గుచ్చుకుంది సార్’ అని పిల్లవాడు అంటే తేలిగ్గా తీసుకోవద్దు. గాయాన్ని కోయకూడదు, తాడు బిగించకూడదు, పిల్లవాణ్ని నడిపించకూడదు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. ఇది కాగితంపై రాసి గోడకు అంటించండి.

☐ కాళ్లకు బూట్లు ఉండాలి. లేనివారిని చిన్నబుచ్చకండి, మొక్కల పేర్ల పలకలు రాసే పని ఇవ్వండి. నాకు ఇది పాములంత ముఖ్యం.

☐ గడ్డపార, కొడవలి పెద్దల చేతుల్లోనే. 10, 16 ఏళ్లకు వేయాల్సిన ధనుర్వాతం టీకా పడిందో లేదో అడగండి.

☐ వేసవిలో తోటపని మొదటి పీరియడ్‌లోనే ముగించాలి.

☐ తరగతి గదిలో పాఠం మధ్యలో పిల్లలను లేపి ఐదు నిమిషాలు ఒళ్లు కదిలించేలా చేసేటప్పుడు నడిచే దారిలో సంచులు ఉండకూడదు. ఉబ్బసం ఉన్నవారెవరో, ఉదయం ఏమీ తినకుండా వచ్చినవారెవరో ముందే కనుక్కోండి. వారిని అందరి ముందూ అడగవద్దు.

☐ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. కుండీల కింది పళ్లేలు, డ్రమ్ములు వారానికోసారి ఖాళీ చేయకపోతే డెంగీ దోమలకు మనమే చోటిచ్చినట్లు.

☐ పురుగుమందు అసలే వద్దు. మధ్యాహ్న భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడిగించండి.