పని మారాలనుకునేవాళ్లు ఎన్‌సీఎస్‌లో పేరు నమోదు చేసుకునే విధానం

పదేళ్లు, పదిహేనేళ్లు ఒకేచోట పనిచేసి, ఇప్పుడు కొత్త పని వెతుక్కోవాల్సి వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. డిగ్రీ అయిపోయిన పిల్లలకు కాలేజీల్లో ఎవరో ఒకరు చెప్తారు. నలభై దాటినవాళ్లను కూర్చోబెట్టి చెప్పేవాళ్లు మన వరంగల్‌లో చాలా తక్కువ.

నేషనల్ కెరీర్ సర్వీస్ అనే ఉద్యోగాల వెబ్‌సైట్‌ను కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ 2015 జులైలో మొదలుపెట్టింది. అందరూ ఎన్‌సీఎస్ అంటారు. ఖాళీలు, జాబ్ మేళాల తేదీలు, కెరీర్ కౌన్సెలింగ్, ఉచిత ఆన్‌లైన్ కోర్సులు అందులోనే ఉంటాయి. నమోదుకు ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు. నెట్ సెంటర్‌లో చేయించుకుంటే వాళ్ల పనికి మాత్రమే డబ్బులు ఇస్తున్నారని గుర్తుపెట్టుకోండి.

ఆధార్, పాన్, టెన్త్ మెమో, ఆపై చదువుల సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఫోన్ నంబరు మీ చేతిలో ఉండే ఫోన్‌దే ఇవ్వండి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నంబరు ఇస్తే ఓటీపీ అక్కడికి పోతుంది, రేపు ఇంటర్వ్యూ కబురు కూడా అక్కడికే పోతుంది.

ఎన్‌సీఎస్ డాట్ గవ్ డాట్ ఇన్ తెరిచి, జాబ్‌సీకర్‌గా రిజిస్టర్ అవ్వాలి. పేరు, పుట్టిన తేదీ మీరు చూపించే గుర్తింపు కార్డులో ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా అలాగే కొట్టాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూసుకోండి. ఓటీపీ కొట్టాక వచ్చే ఐడీని, మీరు పెట్టుకున్న పాస్‌వర్డ్‌ను ఒక నోట్‌బుక్‌లో రాసి దాచుకోండి.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

మా బాబాయి ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణంలో పద్నాలుగేళ్లు గుమస్తాగా చేశాడు. పని పోయాక ఒక సెంటర్‌లో ఫారం నింపించుకున్నాడు. ఇంటికొచ్చాక నేను తెరిచి చూస్తే అనుభవం దగ్గర ‘ఫ్రెషర్’ అని ఉంది. అడిగితే, ‘నాకు ఏం సర్టిఫికెట్ ఉందిరా’ అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. రైతులకు తక్‌పట్టీలు, అంటే సరుకు అమ్మిన లెక్క చీటీలు రాసింది ఆయనే. సీజన్‌లో మిర్చి బస్తాల లెక్క ఒక్కటి కూడా తప్పకుండా చూసింది, సాయంత్రం క్యాష్ సరిచూసి మూసింది, దడువాయిలతో (తూకం వేసేవాళ్లతో), హమాలీలతో, వ్యాపారులతో మాట్లాడి పని నడిపించింది ఆయనే. ఇద్దరం కూర్చుని ప్రొఫైల్ మళ్లీ నింపాం: బిల్లింగ్, స్టాక్ రిజిస్టర్, నగదు లెక్కలు, లోడింగ్ పర్యవేక్షణ. గోదాముల్లో, సూపర్‌మార్కెట్లలో అడిగేది సరిగ్గా ఈ పనులే.

మీరూ అలాగే చేయండి. ఉదయం దుకాణానికి వెళ్లినప్పటి నుంచి రాత్రి వచ్చేదాకా ఏమేం చేసేవారో ముందు తెలుగులో ఒక కాగితం మీద రాయండి. ఎన్నేళ్లు, ఎంతమందితో, ఏ మెషీన్ మీద, ఏ సాఫ్ట్‌వేర్‌లో అన్నది పక్కన రాయండి. ఆ కాగితం చూసుకుంటూ అనుభవం, నైపుణ్యాల గడులు నింపండి. చేయని పని మాత్రం రాయొద్దు, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే తెలిసిపోతుంది.

ఎక్స్‌పీరియెన్స్ లెటర్ లేదని టెన్షన్ పడకండి. పాత యజమాని పీఎఫ్ కట్టి ఉంటే ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ కనిపిస్తుంది, అదే ఆధారం. మానేసిన తేదీని యజమాని అక్కడ నమోదు చేయకపోతే, చివరి పీఎఫ్ జమ తర్వాత రెండు నెలలు దాటాక మీరే నమోదు చేసుకోవచ్చు. ఒక జాగ్రత్త. పీఎఫ్‌కూ, అసంఘటిత కార్మికులకు ఇచ్చే ఈ-శ్రమ్ కార్డుకూ రెండింటికీ ‘యూఏఎన్’ అనే 12 అంకెల నంబరే ఉంటుంది. రెండూ వేరువేరు. ఏది అడుగుతున్నారో చూసి ఇవ్వండి.

ఎంప్లాయ్‌మెంట్ కార్డు సంగతి వేరు. అది రాష్ట్ర ఉపాధి కల్పన శాఖది, మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. చదువుకునే రోజుల్లో తీసుకుని బీరువాలో పడేసినవాళ్లు ఒకసారి తేదీ చూసుకోండి. ఎన్‌సీఎస్‌లో చేరినంత మాత్రాన అది రెన్యువల్ కాదు.

ఆన్‌లైన్‌లో చేతకాకపోతే ములుగు రోడ్డు ఐటీఐ ప్రాంగణంలో ఉన్న ఉపాధి కల్పన కార్యాలయానికి కాగితాలు పట్టుకుని వెళ్లి అడగండి. జాబ్ మేళాలు కూడా తరచుగా అక్కడ జరుగుతుంటాయి. వెళ్లేటప్పుడు బయోడేటా నాలుగైదు కాపీలు తీసుకెళ్లండి. ఫోన్లో అడగాలంటే ఎన్‌సీఎస్ హెల్ప్‌లైన్ 1514.

ప్రొఫైల్ పెట్టాక ఫోన్లు వస్తాయి. ట్రైనింగ్ ఫీజనో, యూనిఫాం డిపాజిట్ అనో ఉద్యోగానికి ముందే డబ్బు అడిగితే అక్కడే ఫోన్ పెట్టేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. పొరపాటున డబ్బు పంపి ఉంటే సిగ్గుపడి ఆలస్యం చేయకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.