కుక్క కుంటు తగ్గడం లేదా? ఎక్స్‌రేలో తప్పు కీలు చూస్తున్నారేమో

మత్తు ఇవ్వడం, ఎడమ కుడి మార్కర్ పెట్టడం, ఎక్స్‌పోజర్ సరిచూసుకోవడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. అడగాల్సింది ఒక్కటే. ఫిల్మ్ తీసే ముందు కుక్కని నడిపించి చూశారా? వేళ్ల నుంచి తుంటి దాకా చేత్తో తడిమారా? టైం లేదని నేరుగా టేబుల్ ఎక్కించేస్తారు, తర్వాత ఎక్స్‌రేని తిడతారు.

సమస్య: ఫిల్మ్‌లో తుంటి అరిగినట్టు స్పష్టంగా ఉంది, మందులు వాడినా కుంటు తగ్గడం లేదు

పెద్ద జాతి కుక్క, వయసు మీదపడింది, వెనక కాలు కుంటుతోంది. అందరికీ ముందు తుంటే గుర్తొస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి తీస్తే తొడ ఎముక తల కూర్చునే గిన్నె లోతు తక్కువగా, తొడ ఎముక మెడ దగ్గర కొత్త ఎముక పెరిగి కనిపిస్తుంది. ఇంకేం, కారణం దొరికేసింది! నొప్పి మాత్రలు రాసి పంపిస్తారు. కొన్నాళ్లకి అదే కుక్క అదే కుంటుతో మళ్లీ వస్తుంది.

తుంటి అరిగిన మాట నిజమే. కానీ అలాంటి తుంటితో ఏ ఇబ్బందీ లేకుండా తిరిగే కుక్కలు బోలెడు. ఇప్పటి కుంటుకి అదే కారణమని ఫిల్మ్ చెప్పలేదు, మనమే అనుకున్నాం. అసలు దొంగ చాలాసార్లు మోకాలిలో ఉంటాడు: ముందు వైపు క్రూసియేట్ లిగమెంట్, అంటే మోకాలి కింది ఎముక ముందుకి జారకుండా పట్టి ఉంచే పట్టీ. కుక్కల్లో వెనక కాలు కుంటడానికి అతి సాధారణమైన కారణాల్లో ఇదొకటి. చాలా కుక్కల్లో అది ఒక్క దెబ్బకి తెగదు, పోగు పోగుగా నెమ్మదిగా తెగుతుంది. అందుకే యజమాని "ఎక్కడా పడలేదండీ" అన్నా లిగమెంట్‌ని లెక్కలోంచి తీసేయకండి.

తుంటి డిస్‌ప్లేసియా (తుంటి కీలు సరిగ్గా ఏర్పడకపోవడం) మామూలుగా రెండు పక్కలా ఉంటుంది. ఒక్క కాలిని మాత్రమే తేలిగ్గా వేలి కొనల మీద ఆనిస్తోందంటే మోకాలిని అనుమానించాలి. కూర్చున్నప్పుడు ఆ కాలు పూర్తిగా మడవకుండా పక్కకి చాపుతుందా? ఆ పక్క తొడ కండ సన్నబడిందా? మోచిప్ప కింది స్నాయువు అంచులు మామూలుగా వేలికి గట్టిగా తగులుతాయి, కీలులో నీరు చేరితే అవి తెలియవు. పాత కేసుల్లో మోకాలి లోపలి వైపు గట్టిగా ఉబ్బి ఉంటుంది.

ఇక ఫిల్మ్ సంగతి. లిగమెంట్ ఎక్స్‌రేలో కనిపించదు, దానికోసం వెతక్కండి. పక్కనుంచి తీసిన ఫిల్మ్‌లో మోచిప్ప స్నాయువు వెనక నల్లటి కొవ్వు ముక్కోణం ఉంటుంది. కీలులో నీరు చేరితే అది ముందుకి నెట్టుకుపోయి చిన్నదవుతుంది, దాని చోట బూడిద రంగు వస్తుంది. కీలు వెనక ఉండే సన్నటి కొవ్వు గీత కూడా వెనక్కి ఉబ్బుతుంది. మోచిప్ప కొనల దగ్గర ఎముక ముళ్లు రావడానికి వారాలు పడుతుంది. మొదట్లో ఎముకలు శుభ్రంగానే ఉంటాయి. "ఎముకలు బాగున్నాయి" అని రిపోర్ట్ రాసి మూసేసేది ఇక్కడే.

చేయాల్సింది: మోకాలిని విడిగా, బీమ్ సరిగ్గా కీలు మీద పెట్టి తీయండి. తుంటి ఫిల్మ్ మూలలో పడ్డ మోకాలిని చూసి తీర్పు చెప్పొద్దు. పోలిక కోసం రెండో మోకాలు కూడా తీయండి, అయితే అదీ దెబ్బతినే అవకాశం ఉందని గుర్తుంచుకోండి. కుక్క ఎలాగూ మత్తులో ఉంది కదా, అప్పుడే డ్రాయర్ టెస్ట్ (తొడ ఎముకని పట్టుకుని మోకాలి కింది ఎముకని ముందుకి నెట్టి, జారుతుందేమో చూడటం) చేసేయండి. మెలకువగా ఉండి కండరాలు బిగిస్తే కదలిక చేతికి దొరకదు. లిగమెంట్ కొంతే తెగితే మత్తులోనూ తెలియకపోవచ్చు. కాలు పూర్తిగా చాపితే నొప్పి, ఫిల్మ్‌లో కొవ్వు ముక్కోణం మారడం, ఈ రెండూ ఉంటే టెస్ట్ నెగటివ్ వచ్చినా వదలొద్దు.

సమస్య: ఒక తుంటి బాగుంది, రెండోది లోతు లేనట్టుంది

ముందు కటి ఎముక తిరిగిపోలేదని తేల్చుకోండి. రెండు పక్కలా కటి రంధ్రాలు ఒకే సైజులో, ఇలియం (కటి పైభాగపు ఎముక) రెక్కలు ఒకే వెడల్పులో ఉండాలి. లేకపోతే మళ్లీ తీయండి. ఒక పక్క కండ తగ్గిన కుక్క, వెల్లకిలా పడుకోబెట్టే తొట్టెలో తనంతట తానే ఒరుగుతుంది, సన్నపడిన పక్క కింద స్పాంజ్ పెట్టండి.

సమస్య: ఎముక మీద నొక్కితే నొప్పి, ఫిల్మ్ నార్మల్

ఒక్క కోణంలోనే తీసుంటే అది సగం పరీక్షే. 90 డిగ్రీల తేడాతో రెండోది తీయండి. ఎముకలో ఖనిజం సుమారు 30 నుంచి 50 శాతం తగ్గితే తప్ప నష్టం కంటికి కనిపించదు. ఇన్‌ఫెక్షన్ అనుమానమైతే 10 నుంచి 14 రోజులకి మళ్లీ తీయండి. కూనల్లో పెరుగుదల గీతని పగులు అనుకోవద్దు, రెండో కాలు పక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది.

ముందు కాలు కుంటే చిన్న వయసు పెద్ద జాతి కుక్కల్లో మోచేతిని మడిచి పక్కనుంచి ఒకటి తీయండి. మోచేతి లోపలి వైపు కొరొనాయిడ్ (ఎముక కొన) నుంచి విరిగిన ముక్క సాదా ఫిల్మ్‌లో చాలాసార్లు దొరకదు, అనుమానం గట్టిగా ఉంటే సీటీకి పంపండి.

అరుదైనవాటితో బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. నాలుగు కాళ్ల ఎముకల మీదా కొత్త ఎముక పొరలా పెరిగితే మాత్రం కాళ్లు వదిలేసి ఛాతీ ఫిల్మ్ తీయండి, మూలం తరచుగా అక్కడే ఉంటుంది. మోకాలి దగ్గరో మణికట్టు పైనో ఎముక తినేసినట్టుంటే ఆర్థ్రైటిస్ మందులు మొదలుపెట్టకండి, కణితి ఏమో తేల్చడానికి ముందు శాంపిల్ తీయించండి.