ఇంగ్లీషులో రేపటి ప్లాన్ల గురించి చెప్పడం ఎలా?

బడిలో భవిష్యత్ కాలం అనగానే 'విల్', 'షల్' అని నేర్పేస్తారు. దాంతో రేపటి మాట ఏదొచ్చినా చాలామంది 'విల్' పెట్టేస్తారు. వాక్యం తప్పు కాదు గానీ, అవతలివాళ్లకి అందే అర్థం మారిపోతుంది. 'ఈ శని, ఆదివారాలు ఏం చేస్తున్నారు?' అని అడిగినవాళ్లకి 'ఐ విల్ గో టు వరంగల్' అని జవాబిస్తే, ఆ ఆలోచన అప్పుడే పుట్టినట్టు వినిపిస్తుంది. టికెట్ కొనేసుకున్నవాళ్లు అలా అనరు.

ఇంగ్లీషు క్రియకి గతంలో 'గో' 'వెంట్' అయినట్టు, భవిష్యత్తు కోసం విడిగా ఒక రూపం లేదు. అందుకే రేపటి సంగతి నాలుగైదు పద్ధతుల్లో చెబుతారు. ఏది వాడాలన్నది రేపా, వచ్చే ఏడాదా అన్నదాన్ని బట్టి ఉండదు. ఆ నిర్ణయం ఎంత దూరం వచ్చిందన్నదే ముఖ్యం. ఈ తేడా తెలుగులో మనం రోజూ చూపిస్తూనే ఉంటాం.

1. ముందు తెలుగులో ఏమంటారో గమనించండి

'వెళ్తా', 'వెళ్దామనుకుంటున్నా', 'వెళ్తున్నా' అనే మూడు మాటలూ రేపటి గురించే కావచ్చు. మొదటిది అప్పటికప్పుడు అన్న మాట, దానికి 'ఐ విల్ గో'. రెండోదాంట్లో మనసులో నిర్ణయం ఉంది, దానికి 'ఐ యామ్ గోయింగ్ టు గో'. ఇంకా ఊగిసలాటే అయితే 'ఐ యామ్ థింకింగ్ ఆఫ్ గోయింగ్'. మూడోదాంట్లో ఏర్పాట్లు కూడా అయిపోయాయి, దానికి 'ఐ యామ్ గోయింగ్'. ప్రతిచోటా ఇది అచ్చంగా కుదరదు. అయినా తడబడినప్పుడు పట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు కనిపించలేదు.

2. అప్పుడే అనుకున్నదానికి, మాట ఇవ్వడానికి 'విల్'

'ఆ ఫైల్ నాకింకా రాలేదండీ' అని ఫోన్లో అన్నారనుకోండి. 'సారీ, ఐల్ సెండ్ ఇట్ నౌ' అనాలి. అక్కడ 'ఐ యామ్ గోయింగ్ టు సెండ్ ఇట్' అంటే, పంపే ఉద్దేశం మీకు ముందునుంచే ఉందని చెప్పుకున్నట్టు ఉంటుంది. మాట్లాడేటప్పుడు 'ఐ విల్' అని విడదీసి నొక్కక్కర్లేదు, 'ఐల్' అంటే చాలు. 'షల్' ఇప్పుడు ఎక్కువగా 'షల్ వి గో?' లాంటి ప్రశ్నల్లోనే వినిపిస్తుంది. మన 'వెళ్దామా?' లాంటిదే.

3. నిర్ణయమా, ఏర్పాటా తేల్చుకోండి

చాలామందికి చిక్కు వచ్చేది ఇక్కడే. ఒక ప్రశ్న వేసుకోండి: ఈ ప్లాన్ మానుకుంటే ఎవరికైనా ఫోన్ చేసి చెప్పాలా? అక్కర్లేకపోతే అది నిర్ణయం మాత్రమే. 'ఐ యామ్ గోయింగ్ టు లెర్న్ డ్రైవింగ్' అనండి. ఫీజు కట్టి, సోమవారం ఉదయం రమ్మన్నారంటే అది ఏర్పాటు. 'ఐ యామ్ స్టార్టింగ్ డ్రైవింగ్ క్లాసెస్ ఆన్ మండే' అనండి. రోజో, సమయమో సందర్భంలో లేకపోతే ఈ రూపం ఇప్పుడు జరుగుతున్నదిగా వినిపిస్తుంది, కాబట్టి 'ఆన్ మండే' వదలొద్దు.

ఈ తేడా ఆఫీసులో ఎక్కువ పనికొస్తుంది. 'ఐ యామ్ టేకింగ్ లీవ్ ఆన్ ఫ్రైడే' అని మేనేజర్‌కి రాస్తే, సెలవు అడిగినట్టు ఉండదు, తీసేసుకున్నట్టు ఉంటుంది. సెలవు ఇంకా మంజూరు కాకపోతే 'ఐ యామ్ ప్లానింగ్ టు టేక్ లీవ్ ఆన్ ఫ్రైడే. వుడ్ దట్ బి ఓకే?' అని రాయండి. ఇంత చిన్న మార్పుతో మర్యాద నిలబడుతుంది.

వాన మనం ఏర్పాటు చేసేది కాదు. అందుకే 'ఇట్ ఈజ్ రెయినింగ్ టుమారో' కుదరదు. మబ్బులు కమ్ముకొస్తుంటే 'ఇట్స్ గోయింగ్ టు రెయిన్' అంటారు.

4. టైమ్‌టేబుల్‌లో ఉన్నవాటికి మామూలు వర్తమానం

'ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్', 'ద ఎగ్జామ్స్ స్టార్ట్ ఆన్ మండే'. మనవాళ్ల నోట తరచూ వచ్చే 'ఐ యామ్ హావింగ్ ఎగ్జామ్ టుమారో' బదులు 'ఐ హావ్ ఏన్ ఎగ్జామ్ టుమారో' అనండి.

5. 'వెన్', 'ఇఫ్', 'ఆఫ్టర్' పక్కన 'విల్' పెట్టొద్దు

'విజయవాడ చేరాక ఫోన్ చేస్తా' అంటాం. 'చేరాక'లో భవిష్యత్తు లేదు, అది 'చేస్తా'లోనే ఉంది. ఇంగ్లీషూ అంతే: 'వెన్ ఐ రీచ్ విజయవాడ, ఐల్ కాల్ యు'. మొదటి సగంలో 'విల్' దూర్చేది మనమే.

6. రాలేనని చెప్పేటప్పుడు జాగ్రత్త

పెళ్లికి పిలిచినవాళ్లతో 'నేను రాను' అంటే ముఖం మీద తలుపేసినట్టు ఉంటుంది కదా. 'ఐ వోంట్ కమ్' కూడా చాలాసార్లు అలాగే వినిపిస్తుంది. మాట్లాడేవాళ్లకి ఆ ఉద్దేశం లేకపోయినా, వినేవాళ్లకి అందులో నిరాకరణ కనిపిస్తుంది. 'రాలేకపోతున్నానండీ' అనడానికి 'ఐ యామ్ సారీ, ఐ కాంట్ మేక్ ఇట్' ఉంది. కారణం చెప్పాలనుకుంటే ఏర్పాటు రూపంలోనే చెప్పండి: 'వి ఆర్ ట్రావెలింగ్ దట్ డే'. 'ఐ మైట్ కమ్' అన్నది 'వచ్చినా రావచ్చు' లాంటిది. వాళ్లు మీకోసం భోజనాలు లెక్క వేసుకుంటుంటే అది వాడకండి.

7. సమయం మాటలు సరిచూసుకోండి

'లోపు' అనిపిస్తే 'బై', 'దాకా' అనిపిస్తే 'టిల్'. 'ఐల్ ఫినిష్ ఇట్ బై ఫైవ్' అంటే ఐదింటిలోపు పని అయిపోతుంది. 'ఐల్ బి ఇన్ ద ఆఫీస్ టిల్ ఫైవ్' అంటే ఐదింటి దాకా ఉంటారు. 'టుమారో', 'నెక్స్ట్ వీక్' ముందు 'ఆన్', 'ఇన్' అక్కర్లేదు.

8. ఇంటర్వ్యూలో దూరపు ప్లాన్లు

ఐదేళ్లలో ఎక్కడ ఉంటారని అడిగితే 'ఐ విల్ బికమ్ ఎ మేనేజర్' అనడం జోస్యం చెప్పినట్టు ఉంటుంది. 'ఐడ్ లైక్ టు బి లీడింగ్ ఎ స్మాల్ టీమ్ బై దెన్' అంటే కోరిక, దిశ రెండూ తెలుస్తాయి. పైచదువుల గురించి అడిగినా 'ఐ హోప్ టు', 'ఐ ప్లాన్ టు' బాగా నప్పుతాయి. వాటి వెనకే చేయబోయే మొదటి పని ఒకటి చెప్పండి. 'ఐ యామ్ టేకింగ్ ఎ డేటా కోర్స్ ఫ్రమ్ జూన్' లాంటి వాక్యం తగిలితే నమ్మకం కలుగుతుంది. అయితే అది నిజంగా చేరిన కోర్సే కావాలి.

9. మీ వారాన్నే రాసుకోండి

రాబోయే వారంలో మీకున్న ఐదు పనులు తెలుగులో, ఇంట్లో చెప్పినట్టే రాయండి. ప్రతిదాని పక్కన 'అనుకున్నా', 'ఏర్పాటైంది', 'టైమ్‌టేబుల్' అని ఏదో ఒకటి గుర్తు పెట్టి, అప్పుడు ఇంగ్లీషులోకి మార్చండి. వారం మధ్యలో ఏదైనా ఖరారైతే ఆ వాక్యం తిరగరాయండి. సోమవారం 'ఐ యామ్ గోయింగ్ టు సీ ఎ డెంటిస్ట్' అని రాసుకుంటే, అపాయింట్‌మెంట్ దొరికిన రోజున అది 'ఐ యామ్ సీయింగ్ ద డెంటిస్ట్ ఆన్ థర్స్‌డే ఎట్ ఫోర్' అవుతుంది.