స్థలంలో మట్టి పాడైందో లేదో తేల్చడం ఎలా? తవ్వడం నుంచి లెక్క దాకా

మా బాబాయి విశాఖలో గాజువాక వైపు స్థలం కొనే ముందు మట్టి పరీక్ష చేయించాడు. ఒకే ఒక్క నమూనా, అదీ గేటు పక్కన. రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత పునాది తవ్వుతుంటే మూరెడు లోతుకే ఎర్ర గ్రావెల్ అయిపోయి, కింద జిడ్డుగా, కాలిన ఆయిల్ వాసనతో నల్లమట్టి బయటపడింది. అంటే ల్యాబ్ పరీక్షించింది ఎక్కడి నుంచో లారీల్లో తెచ్చి పోసిన కొండ మట్టిని. ల్యాబ్ తప్పేం లేదు, తవ్విన చోటే తప్పు.

అందుకే ముందు చేయాల్సింది, ఆ స్థలంలో ఇదివరకు ఏముండేదో పక్కింటి పెద్దవాళ్లని అడగడం. షెడ్డా, బ్యాటరీల పనా, తుక్కు కొట్టా, పక్కన గెడ్డ (వాగు) పొంగితే నీళ్లు ఎటు వచ్చేవి? ఇవన్నీ కాగితం మీద గీసుకోండి. ఆ తర్వాత స్థలమంతా గళ్లు గీసి గడికో నమూనా తీయాలి. గడి ఎంత ఉండాలన్నది మన ఇష్టం కాదు, ఎంత చిన్న మచ్చని పట్టుకోవాలనుకుంటున్నామో దాన్ని బట్టి ఉంటుంది. 5 మీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి పాడు మచ్చ, అంటే సుమారు 94 గజాల ముక్క, ఎక్కడో దాగుందనుకోండి. 20 మీటర్లకి ఒక నమూనా తీస్తే అది దొరికే అవకాశం 20 శాతమే. ఎకరానికి పది గుంతలు తవ్వి కూడా అయిదింట నాలుగుసార్లు దాన్ని చూడకుండా వెళ్లిపోతాం! 95 శాతం అవకాశం కావాలంటే దాదాపు 8.5 మీటర్లకి ఒకటి, ఎకరానికి 56 గుంతలు. అంత ఖర్చు పెట్టలేకపోతే అనుమానం ఉన్న మూల దగ్గరగా, మిగతా చోట దూరంగా తవ్వండి.

ప్రతి గుంతలో పైమట్టి ఒక సంచీలో, గ్రావెల్ కింద అసలు నేల తగిలాక ఇంకో సంచీలో. రెండూ కలపొద్దు. పదింటికి ఒకటి చొప్పున ఒకే మట్టిని రెండు సంచుల్లో వేర్వేరు నంబర్లతో పంపండి, రెండు ఫలితాలూ బాగా దూరంగా వస్తే మిగతా అంకెల్ని ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. ఎనిమిది నమూనాల్లో సీసం, కిలో మట్టికి మిల్లీగ్రాముల్లో ఇలా వచ్చిందనుకుందాం: 38, 40, 45, 49, 52, 55, 61, 420. హద్దు 100 అనుకోండి. సగటు 95, కాబట్టి పాసైనట్టే కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఇంకొందరు ఆ 420 ఏదో పొరపాటని కొట్టేసి సగటు 49 అని రాసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మనం వెతుకుతున్నదే ఆ 420ని. అదే గుంతలో మళ్లీ తీయండి, చుట్టూ రెండు మూడు మీటర్ల దూరంలో నాలుగు వైపులా తవ్వండి, ఆ మచ్చ ఎంత దూరం పాకిందో తెలుస్తుంది.

సగటు మనం తీసిన ఎనిమిది సంచులది, స్థలం మొత్తానిది కాదు. స్థలం అసలు సగటు ఇంతకు మించదని 95 శాతం ధీమాతో చెప్పగలిగే అంకె కావాలి. దాన్ని యూసీఎల్ (అప్పర్ కాన్ఫిడెన్స్ లిమిట్) అంటారు. ఎక్సెల్‌లోనే చేసేయొచ్చు: స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) 131.5, దాన్ని 8 వర్గమూలంతో భాగిస్తే 46.5, ఎనిమిది నమూనాలకి స్టాటిస్టిక్స్ పుస్తకాల్లోని టీ పట్టికలో ఉండే 1.895తో గుణిస్తే 88, సగటుకి కలిపితే 183. పాసైందనుకున్న స్థలం హద్దు దాటేసింది. నిజానికి ఒక్క అంకె ఇలా ఎగిరిపడినప్పుడు టీ లెక్క కూడా తక్కువే చూపించొచ్చు. అంకెలు ఎలా చెదిరినా వాడదగిన చెబిషెవ్ పద్ధతిలో 1.895 బదులు 4.36 వేస్తారు, అప్పుడు 298 వస్తుంది. ఏ పద్ధతి నప్పుతుందో అంకెల తీరు చూసి చెప్పే ప్రోయూసీఎల్ అనే సాఫ్ట్‌వేర్‌ని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఉచితంగానే ఇస్తోంది.

రిపోర్టులో బీడీఎల్ (బిలో డిటెక్షన్ లిమిట్) అని కనిపిస్తే సున్నా అనుకోకండి. వాళ్ల మెషీన్ పట్టుకోగలిగిన దానికంటే తక్కువ ఉందని మాత్రమే దానర్థం. మట్టితో పాటు బావి నీళ్లు కూడా పరీక్షకి ఇచ్చారనుకోండి, తాగునీటిలో సీసానికి భారతీయ ప్రమాణం లీటరుకి 0.01 మిల్లీగ్రాము. ల్యాబ్ 0.05 దగ్గర ఆగిపోతే ఆ బీడీఎల్ మనకి దేనికీ పనికిరాదు, అందుకే డబ్బు కట్టే ముందే ఈ మాట అడగాలి. బీడీఎల్ ఉన్న చోట ల్యాబ్ పట్టుకోగలిగే హద్దులో సగం వేసుకోవడం అలవాటుగా చేస్తుంటారు గానీ అవి ఎక్కువగా ఉంటే, అలా ఊహించిన అంకె వేయకుండానే సగటు కట్టే కాప్లాన్ మేయర్ పద్ధతి మేలు.

పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త. లోహాలు మట్టిలో సహజంగానే కొంత ఉంటాయి, బంకమట్టి వాటిని ఎక్కువ పట్టుకుంటుంది. హార్బర్ వైపు ఉప్పుటేరు బురద నేలని సింహాచలం కొండ కింద ఎర్రమట్టితో పోలిస్తే ఫ్యాక్టరీ లేకపోయినా తేడా వస్తుంది. అదే రకం మట్టి ఉండి, కాలుష్యం చేరని చోట కూడా పది నమూనాలైనా తీసి, రెండు గుంపుల్నీ మాన్ విట్నీ పరీక్షతో (ఒక గుంపు అంకెలు రెండోదానికంటే నిజంగా ఎక్కువా అని చూసే లెక్క) పోల్చండి. బావి నీళ్లయితే మేలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి తీసి, మే అంకెల్ని మే అంకెలతోనే చూడాలి.

కలుషిత స్థలాల కోసం కేంద్రం 2025 జూలైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల్ని గుర్తించి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలపాల్సింది స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం. అంకెలు తేడాగా వస్తే జీవీఎంసీకో (విశాఖ నగర పాలక సంస్థ) కలెక్టరేట్‌కో అర్జీ పెట్టండి. గుంతల మ్యాపు, ఒక్కో సంచీ లోతు, తేదీ, ల్యాబ్ పట్టుకోగలిగే హద్దు, 420తో సహా మొత్తం అంకెలు, అన్నీ జత చేసి ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు మీద ముద్ర వేయించుకోండి.