టమాటా డబ్బాని వెనక్కి తిప్పి చదవండి

మొదటిసారి ఇటాలియన్ టమాటా డబ్బా కొన్నప్పుడు, కోసే పని తప్పుతుందని ముక్కలు చేసినవి తెచ్చాను. సన్నని సెగ మీద రెండు గంటలు ఉడికించినా ఆ ముక్కలు చెక్కు చెదరలేదు. గరిటెతో నొక్కినా లొంగలేదు. చెత్తబుట్టలోంచి డబ్బా తీసి చదివితే కనిపించింది: కాల్షియం క్లోరైడ్. ముక్కలు గట్టిగా నిలవడానికే దాన్ని కలుపుతారు. సాసులో కరగాల్సిన టమాటాకి అది కాపలా కాసిందన్నమాట!

అందుకే ఇప్పుడు 'పెలాతి' అని రాసినవే కొంటాను. అంటే తొక్క తీసిన నిండు టమాటాలు. చేత్తో చిదిమితే చాలు. పదార్థాల జాబితాలో టమాటాలు, టమాటా రసం, మహా అయితే ఉప్పు, పులుపు సరిచేసే సిట్రిక్ యాసిడ్ ఉండొచ్చు. రసం బదులు చిక్కటి ప్యూరీ పోసిన డబ్బాల్లో ముందే ఉడికిన రుచి వస్తుంది, నాకది నచ్చదు. లోపల బేసిల్ (తులసి జాతి) ఆకు కనిపిస్తే కంగారు పడకండి, కావాలనే వేస్తారు.

ఇక సాన్ మార్జానో. ఇక్కడే ఎక్కువ మోసపోతాం. అది ఒక టమాటా రకం పేరు కూడా కాబట్టి, ఆ విత్తనం ఎక్కడైనా నాటొచ్చు. అసలైనది దక్షిణ ఇటలీలోని కాంపానియాలో, వెసూవియస్ అగ్నిపర్వతం దగ్గర సార్నో, నోచెరా చుట్టూ ఉన్న నేలల్లో పండుతుంది. 1996లో దానికి ఐరోపా వారి డి.ఓ.పి. రక్షణ, అంటే పుట్టిన చోటుని బట్టి పేరుకిచ్చే రక్షణ, దొరికింది. డబ్బా మీద 'సాన్ మార్జానో దెల్లాగ్రో సర్నేసే-నోచెరీనో' అనే పూర్తి పేరు, ఎరుపు-పసుపు గుండ్రటి ముద్ర, డబ్బాకో నంబరు చూడండి. డి.ఓ.పి. ముద్రతో వచ్చేవి నిండువో, నిలువు చీలికలో మాత్రమే. పేరు పక్కన 'స్టైల్' అని ఉంటే వెనక్కి పెట్టేయండి.

'ఇటలీలో తయారైంది' అన్నంత మాత్రాన టమాటా ఇటలీలో పండిందని కాదు. ముఖ్యంగా పేస్టు విషయంలో, బయటి నుంచి తెచ్చిన గుజ్జును అక్కడ ప్యాక్ చేయడమూ ఉంది. 'ఒరీజినె దెల్ పొమొదోరో: ఇతాలియా' (టమాటా పండిన చోటు: ఇటలీ) అన్న వరుస ఉందేమో వెతకండి. దాని దగ్గర్లోనే వడకట్టిన బరువు కూడా ఉంటుంది. 400 గ్రాముల డబ్బాలో టమాటా 240 గ్రాములే ఉండొచ్చు, మిగతాది రసం.

ప్రతి వంటకీ సాన్ మార్జానో అక్కర్లేదు, ఆ ఖరీదు పెట్టడం దండగ. పావుగంటలో అయ్యే సాసుకి దాని తీపి తెలుస్తుంది. మాంసంతో మూడు గంటలు ఉడికే రగూ సాసుకి దక్షిణ ఇటలీలోని ఫోజ్జా పొలాల మామూలు పెలాతి చాలు. నున్నటి సాసు కావాలంటే 'పస్సాతా', అంటే వడగట్టిన టమాటా గుజ్జు, సీసా తీసుకోండి.

ఉబ్బిన డబ్బాని మాత్రం తెరవకుండా పారేయండి. తెరిచాక మిగిలింది గాజు డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లో వాడేయండి.