ఇద్దరూ సైకిళ్లపై దూరం బయల్దేరే ముందు

మొదటి జాగ్రత్త సైకిల్ గురించి కాదు, మీ ఇద్దరి గురించి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ ఆగాలి, ఒకరు వెనకబడితే రెండోవాళ్లు ఏం చేయాలి, ఇవన్నీ ఇంట్లోనే తేల్చుకోండి, ఎందుకంటే ఎండలో నడిరోడ్డు మీద మొదలైన వాదన ఓ పట్టాన తెగదు.

పంక్చర్ సామాన్లు ఇద్దరి దగ్గరా ఉండాలి. ట్యూబు సైజు, వాల్వు రెండు సైకిళ్లకీ ఒకటేనా చూడండి, సన్న వాల్వుకి మామూలు పంపు పట్టదు. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల ముల్లు ఇంకా ఉందేమో వేలితో మెల్లగా తడమండి. నేనోసారి బద్ధకించి, అదే ముల్లుకి పది నిమిషాల్లో రెండో ట్యూబూ పోగొట్టుకున్నా.

బ్రేకులు, చైన్‌కి ఆయిల్, లైట్లు... సరే, తెలిసినవే. కానీ మొత్తం లగేజీ కట్టి ఒక రోజు తొక్కి చూడండి, ఆ బరువుతో బ్రేకు పడే తీరే మారిపోతుంది. బరువైనవి కింద, రెండు పక్కలా సమానంగా.

మ్యాపు ఫోన్లో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. డబ్బు ఒకరి దగ్గరే పెట్టకండి. చిన్న ఊళ్లలో దుకాణం ఎప్పుడు మూసేస్తారో చెప్పలేం, సీసా సగానికి రాగానే నీళ్లు నింపేసుకోండి, చీకటి పడకముందే బస చూసుకోండి.