కుక్క మంచం ఎక్కుతలేదా, పిల్లి సోఫానే గోకుతున్నదా: చంద్రపూర్ వైపు ఇండ్లకు పెట్ ఫర్నిచర్ సమస్యలు - పరిష్కారాలు

మహారాష్ట్రల బల్లార్షా, చంద్రపూర్, రాజురా వైపు మన తెలుగోళ్లు హాల్‌కు మ్యాచ్ అయ్యేటట్టు కుక్కకు మంచం, పిల్లికి టవర్ చేయించుకుంటున్నరు, మంచి మాటే. ఫోన్ల ఫొటో చూపిస్తరు, వడ్లాయన అచ్చం అట్లనే చేసిస్తడు, కొన్ని రోజులకు కంప్లైంట్ మొదలైతది. ఆ ఫొటోల్ల చాలావరకు చల్లటి దేశాల ఇండ్లు, మన దగ్గరేమో మే నెలల 46, 47 డిగ్రీల ఎండ, జులై వచ్చిందంటే ఇల్లంత తేమ. అందుకే టేప్ తీసే ముందు రెండు సంగతులు చూడండి, మీ కుక్క గాని పిల్లి గాని ఇప్పుడు తనంతట తాను ఎక్కడ పండుకుంటున్నది, ఆ జాగ మధ్యాహ్నం రెండింటికి ఎట్ల ఉంటది.

మంచం పక్కనే ఉన్నా టైల్స్ మీదనే పండుకుంటది

ఇది అందరికన్నా ఎక్కువ అడిగే సమస్య. కుక్కకు మనలెక్క ఒంటినిండ చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతది, లేకుంటే చల్లటి నేలకు కడుపు ఆనించి వేడి దించుకుంటది. మందం ఫోమ్ మీద వెల్వెట్ కవర్ వేసి ఎండాకాలం దాని మీద పండుకోమంటే మనం రెండు దుప్పట్లు కప్పుకున్నట్టే, అది లేచి పోతది, దానిది తప్పు లేదు. ఫోమ్ తీసి పక్కన పెట్టి టేకు ఫ్రేమ్‌కు నవారు అల్లించండి, నేలకు 6 నుంచి 8 అంగుళాల ఎత్తుల ఉంటే కిందనుంచి గాలి ఆడుతది. తెల్ల నవారు, సన్నటి టేకు కాళ్లు, ఇంత సింపుల్ డిజైన్ ఏ మోడ్రన్ హాల్‌ల పెట్టినా నప్పుతది, నా కంటికైతే కుషన్ బెడ్ల కన్నా ఇదే అందం. కాటన్ నవారు వాడంగ వాడంగ సాగుతది, కాబట్టి కాళ్ల దిక్కు బిగించుకునే తాడు తప్పకుండ పెట్టించండి. చలికాలానికి పల్చటి పరుపు వేరే కుట్టించి పెట్టుకుంటే సరిపాయె.

కొలత కూసున్నప్పుడు తీయొద్దు, పక్కకు తిరిగి కాళ్లు చాపి నిద్రపోయినప్పుడు తీసి దాని మీద ఇంకో 6 అంగుళాలు కలపండి. ముసలి కుక్కయితే, కీళ్ల నొప్పులుంటే, నవారు ఒక్కటే చాలదు, ఎత్తు తగ్గించి పైన గట్టి ఫోమ్ మూడు అంగుళాలది వేయాలె, అరచేయితోని గట్టిగ ఒత్తితే అడుగు తగలొద్దు.

ఇంకో కారణం జాగ. అందం పాడైతదని మంచం తీస్కపోయి ఏదో మూలకు పెడ్తరు, కుక్కకేమో మనుషులు కనపడాలె. సోఫా పక్కకు జరిపి చూడండి.

సైడ్ టేబుల్ లెక్క చేయించిన గూడుల రెండు నిమిషాలు కూడ ఉంటలేదు

మూడు దిక్కుల ప్లైవుడ్ మూసి ముంగట ఒక్క జాలీ పెడితే లోపల గాలి నిలబడతది. కనీసం మూడు పక్కల పట్టీలుండాలె, పట్టీల మధ్య సందుల తల గాని కాలు గాని ఇరుక్కోవద్దు. తల వంచకుండ నిలబడి పూర్తిగ తిరిగేంత జాగ ఉండాలె. పడమటి గోడకు ఆనించి పెట్టొద్దు, ఆ గోడ రాత్రి దాక వేడి వదులుతనే ఉంటది. అడుగున షాబాద్ బండ ముక్క పరిపిస్తే చల్లగుంటది, కడుగుడు కూడ తేలిక.

జాయింట్లు విచ్చుకుంటున్నయి, పలక వంగుతున్నది, చీలుతున్నది

మన దగ్గర కర్రకు కొదవ లేదు, పక్క గడ్చిరోలి జిల్లాల ఆలాపల్లి, సిరొంచా అడవుల టేకుకు ఉన్న పేరు అందరికి తెలిసిందే, 2023ల అయోధ్య గుడికి టేకు పోయింది కూడ ఈ చంద్రపూర్ జిల్లాలనుంచే. మరి అంత మంచి కర్ర ఎందుకు విచ్చుకుంటది అంటే, కర్ర పచ్చిగున్నప్పుడే పని మొదలుపెట్టిండ్రు, లేకుంటే కదలనియ్యకుండ బిగించిండ్రు, ఎక్కువ సార్లు ఈ రెండు కలిసే ఉంటయి. ఏ కర్రయినా తేమకు ఉబ్బుతది, ఎండకు ముడుచుకుంటది, పొడుగుల కాదు, వెడల్పుల. అడుగు వెడల్పు పలక వానకాలానికి ఎండాకాలానికి మధ్య 2, 3 మిల్లీమీటర్లు కదులుతది, నాలుగు దిక్కుల ఫెవికాల్ పెట్టి స్క్రూ కొడితే అది పోయేందుకు తోవ లేక చీలుతది. కూలర్ ముంగట పెట్టిన సామానైతే ఇంకా తొందరగ, పగలు ఎండుడు, కూలర్ వేసినప్పుడు తడుసుడు.

చీలినదాన్ని పుట్టీ పెట్టి మూస్తే వచ్చే ఏడాది మళ్లీ చీలుతది. పలక విప్పించండి, ఫ్రేమ్‌ల గాడి తీసి పలకను గమ్ లేకుండ వదులుగ కూసోబెట్టమనండి. పైన పెట్టే పలకకైతే స్క్రూ రంధ్రం గుండ్రంగ కాకుండ పొడుగ్గ ఉండాలె. కొత్త కర్ర కోయించినంక మధ్యల పట్టీలు పెట్టి నీడకు ఆరబెట్టాలె, తేమ మీటర్ పెడితే 10 నుంచి 12 శాతం చూపియ్యాలె, మీటర్ లేని మేస్త్రితోని జర ఆలోచించి పని చేయించుకోండి. పాత ఇండ్లు విప్పినప్పుడు వచ్చే దూలాలు, దర్వాజ చెక్కలు దొరికితే వదలొద్దు, ఏండ్ల తరబడి ఆరినయి, లోపల మొలలు మాత్రం వెతికి తీయించండి. కొత్త కర్ర కొంటే బిల్లు, టీపీ (కర్ర తీస్కపోయేందుకు అటవీశాఖ ఇచ్చే పర్మిట్) అడిగి తీసుకోండి.

ప్లైవుడ్ అంచులు ఉబ్బితే కారణం నీళ్ల గిన్నె. అక్కడ ఎండీఎఫ్ (కర్ర పొడి ఒత్తి చేసిన పలక) అసలే వద్దు, నీళ్లకు తట్టుకునే ఐఎస్ 710 ప్లై వాడి కోసిన ప్రతి అంచును సీల్ చేయించండి.

పిల్లికి గోకేందుకు పోస్ట్ (నిలువు కర్ర) పెట్టినం, అయినా సోఫానే గోకుతున్నది

పిల్లి గోకుడు చెడ్డ అలవాటు కాదు, గోరు మీది పాత పొర ఊడగొట్టుకుంటది, ఒళ్లు విరుసుకుంటది, తన వాసన పెట్టుకుంటది. దానికి కావాల్సింది నిలువునా సాగేంత ఎత్తు, కదలని గట్టితనం. షోకు కోసం చేసిన రెండడుగుల పోస్టు ఒక్కసారి ఊగిందంటే మళ్లీ దాని దిక్కు చూడది, సోఫా అయితే ఊగదు గదా. మూడడుగుల పోస్టు చేయించండి, కింద రెండడుగుల చదరం బేస్, బేస్ కింద బండ బిగిస్తే బరువు ఆగుతది. 8 మిల్లీమీటర్ల సైసల్ (గట్టి నార) తాడు సందు లేకుండ చుట్టాలె, కొసలు రంధ్రంల దోపి దాచాలె, స్టేపుల్ పిన్నులు కొడితే పంజాకు గుచ్చుకుంటయి. సైసల్ రంగు టేకుకు మంచిగ కలుస్తది, వేరే అలంకారం అక్కర్లేదు. పోస్టును సోఫా ఏ మూల గోకుతదో సరిగ్గ ఆ మూల ముంగటే పెట్టండి, అలవాటైనంక రోజింత పక్కకు జరుపుకోవచ్చు.

సోఫా బట్ట కూడ చూసుకోవాలె. ఇప్పుడు ఫ్యాషన్‌ల ఉన్న బూక్లే అంత ఉంగరాల దారమే, గోరు ఇట్టే చిక్కుతది. దగ్గర నేత మైక్రోఫైబర్, పొట్టి నూగు వెల్వెట్ నయం.

గోడకు పిల్లి అరలు కొట్టిస్తే స్క్రూ ప్లాస్టర్ దాటి ఇటుకలకు రెండంగుళాలు దిగాలె, పిల్లి దుంకినప్పుడు పడే బరువు దాని అసలు బరువు కన్నా ఎక్కువుంటది. అర మీద నున్నటి గ్లాసీ పాలిష్ వద్దు, జారుతది.

వాసన పోతలేదు, తెల్ల కవర్ నల్లబడుతున్నది

నల్లబడుడు బొగ్గు గనుల దుమ్ము, ఈ ఊర్లల్ల క్రీమ్ కలర్ బతకది, బూడిద రంగు, ఇటుక రంగు, లేకుంటే కుక్క బొచ్చు రంగే తీసుకోండి. వాసన మాత్రం ఫోమ్‌లకు దిగిన ఉచ్చది, పైన కవర్ ఎన్నిసార్లు ఉతికినా పోదు, అందుకే లోపల వాటర్‌ప్రూఫ్ కవర్, పైన జిప్ కవర్, రెండు వేరువేరు ఉండాలె. ఎంజైమ్ క్లీనర్ వాడండి. ఫినాయిల్ మాత్రం పిల్లి ఉన్న ఇంట్ల వద్దే వద్దు, దాంట్ల ఉండే ఫినాల్స్‌ను పిల్లి లివర్ తట్టుకోలేదు.

సోఫా మీదికి ర్యాంప్ పెడితే ఎక్కుతలేదు

ఏటవాలు ఎక్కువైంది. 18 అంగుళాల సోఫాకు ర్యాంప్ పొడుగు నాలుగున్నర అడుగులుండాలె, పైన జారని కార్పెట్ ముక్క అంటించాలె.

తిండి గిన్నెలకు ఎత్తు స్టాండ్ చూడ్డానికి మస్తుగుంటది గాని పెద్ద జాతి కుక్కలకు చేయించే ముందు డాక్టర్‌ను అడగండి, అమెరికాల పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు 2000ల అచ్చేసిన పరిశోధనల ఎత్తు గిన్నెల తినే పెద్ద కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే జబ్బు ఎక్కువ కనపడ్డది.

కొత్త సామాను దగ్గరికే పోతలేదు, వాసన చూసి తుమ్ముతున్నది

పాలిష్ ఇంకా ఆరలేదు. మెలమైన్ గాని పీయూ గాని చేతికి ఆరినట్టే ఉంటది, లోపల మాత్రం వాసన వదులుతనే ఉంటది, మన ముక్కుకు తెలువకున్నా దానికి తెలుస్తది. వరండల నీడకు పెట్టి మూతలు, డ్రాయర్లు తెరిచి వదిలేయండి. చెదల మందు కొట్టిన కర్రయితే పెట్ ఫర్నిచర్‌కు వాడనే వద్దు, కుక్కపిల్లలు అంచులు కొరుకుతయి.